పెట్టెలో పెట్టె

కాన్వెంట్ జంక్షన్ దాటాక, ఇనుప ధూళికి ఎర్రబారిన
మూడంతస్తుల మేడలో మాది రెండోది.
కిటికీ తీస్తే పోర్టు.
పెట్టె మీద పెట్టె, పెట్టె మీద పెట్టె,
పిల్లలు అగ్గిపెట్టెలు పేర్చి
అన్నాలకు వెళ్ళిపోయినట్టు.

నా పని వాటిని తెర మీద పేర్చడం.
యార్డు అని ఒక ట్యాగు రాశాను.
దాని కడుపులో వరస. వరస కడుపులో పెట్టె.
పెట్టెకు ఒక నంబరు, ఒక రంగు, ఒక ఊరు.
తెరిచిన ప్రతి కొక్కేనికీ మూసే కొక్కెం,
వల అల్లే చెయ్యి కన్ను వదలనట్టు
ఒక్కటీ వదల్లేదు.

అయినా రాత్రి పదకొండింటికి తెర ఖాళీ.
తుపాను వెళ్ళిన మర్నాటి ఆకాశంలా తెల్లగా.
తప్పు అని ఎర్రక్షరం కూడా లేదు.
ఉంటే బాగుణ్ణు, పట్టుకునేదాన్ని.

పేజీ మూలం తెరిచి చూశాను.
ఉన్నాయి! నా పెట్టెలన్నీ అక్కడే ఉన్నాయి,
పేర్లుగా.
యార్డు ట్యాగు నడుస్తూ నడుస్తూ
తన పిల్లల పేర్లు బయటికి రాసేసింది.
సర్వరు వాటిని వట్టి అక్షరాలనుకుంది,
బ్రౌజరు ఎవరో తెలియని వాళ్ళనుకుని
పక్కకు తప్పుకుంది.
పుట్టినవాళ్ళే. ఎవరూ ఒళ్ళోకి తీసుకోలేదు.

ఈ పేజీని జావా చదివేది ఒక్కసారే,
మొదటి మనిషి తలుపు తట్టినప్పుడు.
అప్పుడు కనిపించిన ట్యాగే ట్యాగు.
ఆ తర్వాత నడకలో ఏది పుట్టినా
ఉత్త రాత.
సీలు పడ్డాక పెట్టెలో ఏం మొలిచినా
కస్టమ్స్ వాళ్ళ కాగితంలోకి ఎక్కదు కదా, అలా.

ఫ్లాస్కుతో వచ్చాడు నూకయ్య.
యార్డులో టాలీ రాసే మనిషి, రాత్రి డ్యూటీ.
పొద్దున్న ఆరింటి షిఫ్టుకు జాబితా కావలసింది ఆయనకే.
"ఏటమ్మా, నా పెట్టెలు రాలేదా?"
చెప్పాను, నాకు వచ్చిన మాటల్లో:
బయటి పెట్టె లోపలి పెట్టె పేరు రాస్తోంది గాని
అది రావట్లేదు.
టీ ఊదుకుని అన్నాడు:
"పేరు రాసీసి కూకుంటే ఎవుడొస్తాడమ్మా?
ఫిషింగ్ హార్బర్లో వేలంపాటప్పుడు సూడు,
పలక మీద నా పేరున్నా నాను కదల్ను.
పిలవాల. పిలిస్తే వొస్తాను."

నేను నవ్వలేదు.
సాయంత్రమంతా రాసింది చెరిపేశాను.
ఇటు కొక్కెం, కొటేషను, కూడిక, అటు కొక్కెం,
ఆ కుట్లన్నీ పోయాయి.
లోపలి ట్యాగును పేజీలోనే, యార్డు ఒళ్ళోనే పెట్టాను,
సీలు పడకముందే.
యార్డు ఇప్పుడేమీ రాయదు.
ఒక్కో వరసకు ఒక్కసారి తన లోపలిదాన్ని పిలుస్తుంది,
అంతే.
పిలిచిన ప్రతిసారీ పెట్టె తలెత్తి
నా పైన ఎవరు అని అడుగుతుంది,
వరసను దాటి, యార్డుని పట్టుకుని,
తన చోటు తెలుసుకుని కూర్చుంటుంది.

ఒకటిన్నరకు, డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతుండగా,
వచ్చాయి.
నీలం, తుప్పు, ఆకుపచ్చ, మళ్ళీ తుప్పు.
నూకయ్య వేలు పెట్టి లెక్కించాడు,
తెర నిండా వేలిముద్రలు.
ఒకటి తక్కువ.

దానికి వరస లేదు. యార్డు లేదు.
పైన ఎవరు అని అడిగితే శూన్యం తిరిగొస్తోంది.
ఆ శూన్యం తగిలి పేజీ మొత్తం కూలకుండా
నేనే నిన్న ఓ షరతు పెట్టి దాచేశాను.
"అదా! గోడవార తుప్పుపెట్టె. పదకొండేళ్ళయింది.
దానికోసం ఎవుడూ రాలేదు. సీలు అలాగే ఉంది.
వానాకాలం ఒక కుక్క దానికింద పిల్లల్ని పెడతాది."

షరతు తీశాను.
శూన్యం వస్తే ఏం చెయ్యాలో రాయడానికి
మిగతా పనంతటికీ పట్టినంతసేపు పట్టింది.
జాబితా అడుగున, ఏ వరసకీ చెందకుండా,
ఇప్పుడొక గీత:
నంబరు. రంగు తుప్పు. ఊరు తెలియదు.

సైరన్ కూసింది.
నూకయ్య ప్రింటు కాగితం నాలుగు మడతలు పెట్టి
చొక్కాజేబులో దోపుకుని మెట్లు దిగుతూ
"కుక్క సంగతి కూడా రాయాల్సిందమ్మా" అన్నాడు.